కరువు మాట ఎత్తిన ఆదివారం

ఐర్లండులోని మేయో కౌంటీలో మేము మొదట అద్దెకు దిగింది ఒక పెద్ద బంగళా వెనక ఉన్న గుర్రాల సాలలో. గుర్రాలు పోయి ఎన్నో ఏళ్లయింది కనక దాన్ని రెండు గదులూ వంటిల్లూ చేసి అద్దెకిచ్చేవారు. నా భర్తకు కాజిల్‌బార్ ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం వచ్చింది, ఊళ్లో ఇల్లు దొరకలేదు, ఎవరో చెబితే ఇక్కడికి వచ్చాం. కారు రాళ్ల దారి వెంట మెలికలు తిరిగి చెట్ల మధ్య నుంచి బయటపడగానే బంగళా కనిపించింది. బూడిద రంగు రాయి. మూడు వరసల కిటికీలు. పై వరసలో చాలావాటికి అద్దాలు లేవు, చెక్కలు కొట్టేశారు. నేను కారు దిగీ దిగకముందే, "మన మిషన్ బంగళాలా ఉంది కదండీ" అన్నాను.

ఆ మాట నా నోట ఎందుకు వచ్చిందో తెలియాలంటే నేను పెరిగిన చోటు సంగతి చెప్పాలి. పల్నాడులో ఒక మిషన్ కాంపౌండులో పెరిగాను. మా తాత సువార్తికుడు. మా నాయనమ్మ అక్షరాలు దిద్దింది దొరగారి బంగళా వరండాలో. అంతకుముందు తరంలో పెద్ద కరువు వచ్చినప్పుడు ఆ బంగళా వెనక గాడిపొయ్యి తవ్వి గంజి కాచి పోశారట. మా వాళ్లు ఆ గంజి తాగి ప్రాణాలు నిలుపుకున్నారు. బాప్తిస్మం తర్వాతి సంగతి. ఏటా కృతజ్ఞతా కూడికలో పెద్దలు లేచి ఆ గంజి కథ చెప్పేవాళ్లు. ముందు ఏ మాట వస్తుందో తర్వాత ఏది వస్తుందో పిల్లలకి కూడా కంఠతా వచ్చు, అయినా ప్రతిసారీ ఏడుపు ఆగేది కాదు. మాలాంటి వాళ్లకి ఎత్తయిన కప్పున్న తెల్లవాళ్ల ఇల్లు కనబడితే చాలు, గంజీ బడీ ఆసుపత్రీ గుర్తొస్తాయి. అది మాకు ఎవరూ పనిగట్టుకుని నేర్పింది కాదు, కాంపౌండు గాలిలోనే ఉంది.

బంగళా యజమానురాలు ఎనభై దాటిన పెద్దావిడ. పెళ్లి చేసుకోలేదు. ఆ వంశంలో ఆ ఇంట్లో మిగిలింది ఆవిడొక్కరే. వంటింట్లోనూ దాని పక్క గదిలోనూ కాపురం, మిగతా ఇల్లంతా చెమ్మకి వదిలేశారు. వంటింటి నడవలో గోడ మీద వరసగా గంటలు, వాటి కింద ఏ గది ఏదో రాసిన చిన్న చిన్న పలకలు ఉండేవి. మోగించేవాళ్లూ లేరు, పలికేవాళ్లూ లేరు. వాన పడితే పై అంతస్తులో బకెట్లు ఎక్కడెక్కడ పెట్టాలో ఆవిడకి తెలుసు. కొన్నాళ్లకి నాకూ తెలిసింది.

రోజూ సాయంత్రం మేము కుటుంబ ప్రార్థనలో కీర్తన పాడుకునేవాళ్లం. ఒకరోజు ఆవిడ పెరటి దారిన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మీరు పాడే పాటల్లో ఒకటి నాకు తెలుసు. రాగం తెలుసు, మీ మాటలే తెలియవు. మా అమ్మ పియానో మీద వాయించేది. ఇంకోసారి పాడతారా?"

పాడాం. ఆవిడ ఇంగ్లీషులో, మేము తెలుగులో. నా కూతురు రెండు భాషల మధ్యా తడబడి నవ్వేసింది. పాట అయ్యాక ఆవిడ అడిగారు, ఆదివారాలు ఎక్కడ కూడుకుంటారని. అప్పుడే మా సంఘానికి చోటు పోయింది. కాజిల్‌బార్‌లో అద్దెకు తీసుకున్న హాలు లీజు పొడిగించలేదు. ఆ మాట చెప్పాను. "నా దగ్గర హాలుంది, కప్పు కాస్త కారుతుంది, అంతే" అన్నారు.

అలా ఆ బంగళాలోకి మా సంఘం వెళ్లింది. పదిహేను కుటుంబాల లోపే. ఎక్కువమంది ఆసుపత్రి డాక్టర్లు, ఇంట్లో కూర్చుని కంప్యూటరు పని చేసేవాళ్లు కొందరు. పెద్ద గదిలో కప్పంతా సున్నంతో పోసిన ద్రాక్ష గుత్తులు, ఆకులు. ఒక మూల అవి ఊడి, లోపలి చెక్క కనబడేది. మేము జంపఖానాలు పరిచి, చెప్పులు బయట విడిచి, మగవాళ్లు ఒక పక్క ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నాం. చెప్పులెందుకు విడిచారని ఆవిడ అడిగారు. ప్రార్థన చేసే చోటు కదా అన్నాను. ఆవిడ వంగి బూట్లు విప్పేశారు. మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. ఆ చిల్లు చూసి మా ఆంటీ కళ్లు తుడుచుకుంది.

ఆంటీ అంటే మా సంఘ పెద్ద భార్య. సంఘ పెద్దని అందరం అంకుల్ అంటాం. గుంటూరు నుంచి కుర్ర డాక్టరుగా వచ్చి, రిటైరు కావడానికి దగ్గరపడిన మనిషి. ప్రసంగం చేస్తే గాజు పలకలు అదిరేవి. మెత్తని మనసు. ఆ బంగళాలో అడుగుపెట్టిన మొదటి ఆదివారమే గోడ మీద చెయ్యి పెట్టి, "చూడమ్మా, ఎక్కడి పల్నాడు, ఎక్కడి మేయో. దేవుడు మళ్లీ బంగళాలోకే తెచ్చాడు" అన్నారు.

బంగళా పెద్దావిడ మనసులో మాత్రం ఇంకో సంగతి ఉంది. ఒకనాడు వంటింట్లో టీ కోసం ప్రెస్ అని వాళ్లు పిలిచే అల్మరా తలుపు తెరిచి కప్పులు తీస్తూ నాకు చెప్పారు.

"నాకేమైనా అయితే ఈ ఇల్లు అమ్మకం పాలు. కొన్నవాడు ముందు కప్పు మీది పలకరాళ్లు పీక్కుంటాడు, తర్వాత గోడలు. ఇది నిలబడాలంటే ఈ ఊరివాళ్లది కావాలి. వాళ్ల కమిటీ తీసుకుంటానంటే ఊరికే ఇచ్చేస్తాను. కమిటీ పేరు మీద ఉంటే కప్పు బాగుచేయడానికి కౌన్సిల్ సాయం చేస్తుంది. పిల్లల ఆటలకి, పెళ్లిళ్లకి వాడుకోవచ్చు. మీరు కూడా పాడుకోవచ్చు."

"వాళ్లేమంటున్నారు?"

"చూద్దాం అంటున్నారు. ఏళ్ల తరబడి చూస్తున్నారు." నవ్వారు. "వాళ్లలో చాలామంది ఈ ఇంటి ముందు తలుపు లోంచి ఎప్పుడూ రాలేదు. పనుంటే వంటింటి తలుపు దగ్గరే. లోపల మనుషులు కూర్చుని పాడుతుంటే చూడాలి వాళ్లు. మీ కృతజ్ఞతా కూడికకి వాళ్లని పిలవనా?"

పిలవండి అన్నాం. మాకు అంతకంటే కావలసిందేముంది. ఆంటీ ఆ రోజే బిర్యానీ డేగిశా సంగతి ఆలోచించడం మొదలుపెట్టింది.

కమిటీకి పెద్ద పక్క పొలం రైతు. అరవై దాటినాయన. మేము వచ్చిన మొదటి చలికాలం మా కారు గుంటలోకి జారితే ట్రాక్టరు కట్టి లాగింది ఆయనే. "మీ దేశంలో బురద లేదా డాక్టర్, ఇక్కడిదాకా వచ్చి దిగబడ్డారు?" అని ఎగతాళి చేశాడు. అప్పటి నుంచి ఎక్కడ కనబడినా చెయ్యి ఊపేవాడు. కూడికకి భార్యతోనూ కమిటీలో ఇంకొంతమందితోనూ వచ్చాడు, ముందు తలుపు లోంచే. టోపీ చేతిలో పట్టుకుని కప్పు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. "ఇంత వెలుతురు ఉంటుందనుకోలేదు" అన్నాడు భార్యతో. ఆ మాట విని పెద్దావిడ నా చెయ్యి నొక్కారు.

గోడ వార కుర్చీలు వేసి వాళ్లని కూర్చోబెట్టాం. కీర్తనలు బాగా సాగాయి. రైతు భార్య కాలితో తాళం వేయడం చూశాను. తర్వాత అంకుల్ లేచారు. మా పద్ధతి ప్రకారం ఆతిథ్యమిచ్చిన వాళ్లకి శాలువా కప్పి, వాళ్ల పితరుల్ని బట్టి దేవునికి స్తోత్రం చెల్లిస్తాం. అతిథులకి అర్థం కావాలని ఇంగ్లీషులో మొదలుపెట్టారు. మా పల్నాడు కరువు చెప్పారు, గంజి చెప్పారు, వరండాలో అక్షరాలు చెప్పారు. చెబుతూ చెబుతూ ఏడ్చేశారు. అప్పుడు పెద్దావిడ వైపు తిరిగి అన్నారు.

"మీ దేశంలోనూ కరువు వచ్చిందని విన్నాం. ఆ రోజుల్లో మీ పితరులు ఈ తలుపులు ఆకలితో వచ్చిన వాళ్లకి తెరిచే ఉంటారు. ఈ ఊరికి తల్లీతండ్రీ అయి ఉంటారు. మాకు గంజి పోసిన చేతులూ మీ పితరుల చేతులూ ఒక్కటే. వారిని బట్టి దేవునికి స్తోత్రం."

స్తోత్రం అన్నాం మేమందరం. ఆమేన్ అన్నాం. అంకుల్ జరీ అంచు శాలువా విప్పి ఆవిడ భుజాల మీద కప్పారు. ఆవిడ తల వంచారు. కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను. కుర్చీల వైపు చూసేసరికి రైతు లేచి నిలబడి ఉన్నాడు. టోపీ పెట్టుకున్నాడు. భార్య ఆయన మొహం చూసి తనూ లేచింది. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కమిటీలో ఒకావిడ మాత్రం ఆంటీ దగ్గర ఆగి, పిల్లని తీసుకురావాలి, ఏమీ అనుకోకండి అని చెప్పి వెళ్లింది.

"ఏమ్మా, బిర్యానీలో కారం దంచి పోశామని ఎవరన్నా చెప్పారా వీళ్లకి?" అంది ఆంటీ గరిటె పట్టుకుని. కొందరు నవ్వారు. పెద్దావిడ శాలువా తోనే కూర్చుండిపోయారు. మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒక్కరికి తప్ప.

గిన్నెలు కడుగుతున్నప్పుడు నా పక్కన మా సంఘంలోని ఒక చెల్లి ఉంది. కరీంనగర్ వైపు అమ్మాయి. కంప్యూటరు ఉద్యోగం. తక్కువ మాట్లాడుతుంది. "అక్కా, మా ఊర్ల దొర గడి ఉండె" అంది, తల ఎత్తకుండా. "దాని ముంగటికెళ్లి పోతే మా తాత చెప్పులు చేతుల పట్టుకునేటోడంట. గంత పెద్ద ఇల్లు ఊరవతల ఒక్కటే ఉందంటే, అది గంజి పోసిన ఇల్లు కాదని నాకు వచ్చిన్నాడే అనిపించింది."

"చెప్పలేదేం?"

"అంకుల్ అంతగనం ఏడ్సుకుంట మాట్లాడుతుంటే నడుమల ఎట్ల జొరబడాలె అక్కా? నా అనుమానమే తప్పు కావచ్చనుకున్న."

తప్పు కాలేదు. మర్నాడు నేను గేటు దగ్గర చెత్త డబ్బా పెడుతుంటే రైతు ట్రాక్టరు ఆపాడు. చెయ్యి ఊపలేదు. దిగి వచ్చి, బంగళాకి ఎదురుగా ఉన్న మెరక చూపించాడు. గడ్డి కింద నేల అక్కడక్కడా ఉబ్బి, గీతలు గీసినట్టు ఉంది.

"అవి ఇళ్లు. మా ముత్తాత ఇల్లు ఆ చివరది. బంగాళాదుంపలు కుళ్లిపోయి కౌలు కట్టలేకపోతే మనుషుల్ని పంపి కప్పులు పీకించారు. ఎవరు పంపారో చెప్పక్కర్లేదనుకుంటా. లోపల జ్వరంతో ఉన్నవాళ్లని దుప్పటితో సహా రోడ్డు మీద పెట్టారు. అసలు ఈ నేల మీద ఆ బంగళా వాళ్లు దిగిందే ఇంగ్లండు సైన్యం వెనక వచ్చి. అంతకుముందు ఇది ఎవరిదో ఇక్కడ అందరికీ తెలుసు."

నేను క్షమించమని అడిగాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీ మీద నాకు కోపం లేదు. మీకెలా తెలుస్తుంది? ఆ పెద్దాయన మంచి మాటే చెప్పాడు, మీ ఊరి గురించి. ఆవిడకి తెలుసు కదా. తల వంచి కప్పించుకుంది. ఒక్క మాట, అది నిజం కాదు అని ఒక్క మాట అని ఉంటే నేను ఆ రాత్రే కమిటీని కూర్చోబెట్టేవాణ్ణి."

ఆ మాట మోసుకుని వంటింటికి వెళ్లాను. శాలువా మడిచి కుర్చీ వీపు మీద వేసి ఉంది. నేను చెప్పింది ఆవిడ అడ్డు రాకుండా విన్నారు.

"కరువు అన్న మాట వినబడగానే నాకు తెలిసింది" అన్నారు. "లేచి చెప్పాలనుకున్నాను. కాని చూడమ్మా, నా ఇన్నేళ్ల వయసులో మా వాళ్ల గురించి ఒక మంచి మాట నేను వినలేదు. బడిలో వినలేదు, సంతలో వినలేదు. ఒక్క నిమిషం అది నిజమైనట్టు కూర్చుందామనిపించింది. ఆ నిమిషం అయ్యేసరికి కుర్చీలు ఖాళీ అయిపోయాయి."

"ఇప్పుడు వెళ్లి చెప్పండి" అన్నాను. బలిపీఠం దగ్గర కానుక వదిలిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడమన్న మాట నాకు పాలతో పట్టిన మాట. అదే ఆవిడకి చెప్పాను. ఆవిడకీ అది తెలుసు, ఆవిడదీ వాక్యం చదివిన ఇల్లే.

"ఇప్పుడు వెళ్తే ఇంటి కోసం వెళ్లినట్టుంటుంది. క్షమాపణ ఇచ్చి కప్పు కొనుక్కున్నట్టు. అది ఇంకా పెద్ద అవమానం వాళ్లకి" అన్నారు.

ఆవిడ మాటలో నిజాయితీ ఉంది, దాన్ని తప్పని ఎలా అనను? ఆ రోజు నుంచి చాలా ఆలోచించాను. బైబిల్లో చెర నుంచి వచ్చి తన ఊరి కూలిన గోడ కట్టించిన భక్తుడి భాగం మా సంఘాల్లో ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ గుడి కట్టడానికి చందాలు పోగుచేసేటప్పుడే విన్నాను. ఆయన రాయి ముట్టుకోకముందు కూర్చుని ఏడ్చి, నేనూ నా తండ్రి ఇంటివాళ్లూ పాపం చేశామని ఒప్పుకున్నాడు. అది మా ప్రసంగాల్లో రాలేదు. పితరుల్ని బట్టి స్తోత్రం చెప్పడం మాకు బాగా వచ్చు. పితరుల తరఫున ఒప్పుకోవడం మా కూడికల్లో ఎక్కడా లేదు.

అంకుల్‌కి సంగతి తెలిసిన రోజు ఆయన అన్నం తినలేదని ఆంటీ చెప్పింది. ఆయనే రైతు ఇంటికి వెళ్లారు. రైతు మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చాడు, ఆవుల గురించి మాట్లాడాడు, గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. కూడిక మాట ఎత్తనివ్వలేదు. "క్షమించాడో లేదో తెలియలేదమ్మా. ఎంతసేపూ గ్రాండ్, గ్రాండ్ అన్నాడు, ఇక్కడివాళ్లు దేనికైనా పర్లేదు అనేసినట్టు" అన్నారు అంకుల్.

కమిటీ ఆటస్థలం పక్కన రేకుల హాలు కట్టుకోవాలని తీర్మానించింది. ఆ చలికాలం పెద్ద గాలివానకి బంగళా కప్పు ఒక మూల లేచిపోయింది. ద్రాక్ష గుత్తుల గదిలో జంపఖానాలు పరవడానికి పొడి చోటు లేకుండా పోయింది. మేము కాజిల్‌బార్‌లో ఇంకో హాలు వెతుక్కున్నాం. తర్వాత ఒక ఉదయం ఆవిడ బకెట్టుతో మెట్ల మీద పడ్డారు. తుంటి ఎముక. ఆపరేషను అయ్యాక మళ్లీ ఒంటరిగా ఉండే పరిస్థితి లేదు. ఇంగ్లండు నుంచి మేనల్లుడు వచ్చి, ఆవిడ వృద్ధాశ్రమం ఖర్చు కోసం ఇల్లూ చుట్టూ ఉన్న పొలాలూ అమ్మించాడు. కొన్నవాళ్లకి కావలసింది చెట్లు వేయడానికి నేల. మేము కాజిల్‌బార్‌కి మారాం. ఆవిడ దగ్గరికి వారం వారం వెళ్లి పాడేదాన్ని. చివరి రోజుల్లో ఇంటి మాట ఎత్తేవారు కాదు, నేనూ ఎత్తేదాన్ని కాదు. మరుసటి ఏడు వసంతంలో ఆవిడని ప్రభువు పిలుచుకున్నాడు.

గోడలు పడగొడుతున్నారని తెలిసి వెళ్లాను. పలకరాళ్లు అప్పటికే వెళ్లిపోయాయి. యంత్రం ఒకటి ముందు గోడని పైనుంచి కొంచెం కొంచెంగా లాగుతోంది. లోపలి గదుల రంగులు బయటికి కనిపిస్తున్నాయి. మేము పాడుకున్న గది లేత ఆకుపచ్చ. గేటు మీద చేతులు పెట్టుకుని రైతు నిలబడి ఉన్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఆవిడ మా ఇంటికి వచ్చింది, తెలుసా?" అన్నాడు.

తెలియదన్నాను.

"అమ్మకం సంతకాలు అయిన మర్నాడు. మేనల్లుడు కారులో తెచ్చాడు. చేతికర్రలతో మా గుమ్మం ఎక్కింది. కూర్చోమన్నా కూర్చోలేదు. మీ వాళ్ల కప్పులు మా వాళ్లు పీకించారు, ఆ ఆదివారం నేను నోరు మూసుకున్నాను, అంది. అంతే."

"మీరేమన్నారు?"

"మళ్లీ కూర్చోమన్నాను. అప్పుడు కూర్చుంది. ముందే ఎందుకు రాలేదని అడిగాను. ఇంటి కోసం వచ్చాననుకుంటావని రాలేదు అంది." ఆయన కింద గడ్డి వైపు చూశాడు. "అనుకునేవాణ్ణే. అలా అనుకుని కూడా ఇల్లు తీసుకునేవాణ్ణి. ఆ వంశంలో ఒక్కరు మన గడప తొక్కి ఆ మాట అంటే చాలని మా నాన్న పోయేదాకా అన్నాడు. ఎందుకోసం అంటారన్నది ఆయన ఎప్పుడూ అడగలేదు."

"మీరు వెళ్లి చెప్పి ఉండొచ్చుగా" అన్నాను. నిష్ఠూరంగా అనలేదు, దుఃఖం కొద్దీ అన్నాను.

"వెళ్లి ఉండొచ్చు" అన్నాడు. "రేకుల హాల్లో చలికి ఎవరూ రావడం లేదు."

గోడలో ఇంకో ముక్క విరిగి పడింది. ధూళి మా దాకా వచ్చింది. ప్రార్థన చేద్దామా అని అడిగాను. ఆయన కేథలిక్కు, నాది వేరే సంఘం, ఎన్నడూ కలిసి ప్రార్థించింది లేదు. ఆయన టోపీ తీశాడు. మేము ఏ ప్రార్థనైనా స్తోత్రంతోనే మొదలుపెడతాం. ఇంకోలా మొదలుపెట్టడం నాకు ఎవరూ నేర్పలేదు. ఆ గేటు దగ్గర స్తోత్రం నోట రాలేదు, దాని చోట ఏ మాట రావాలో తెలియక కళ్లు మూసుకుని అలాగే నిలబడ్డాను. ఆయన తొందరపెట్టలేదు.